ఎడ్ల పందేలకు కదిలివచ్చే జనం పరుగు పందేలకు ఎందుకు రావడం లేదు? రాష్ట్ర క్రీడా పెద్దలకు బహిరంగ లేఖ

రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ అధికారులకు, రాష్ట్ర అథ్లెటిక్స్ సంఘం కార్యవర్గ సభ్యులకు నమస్కారములు.

నేను గుంటూరులోని ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. స్టార్టరుగా, టైమ్‌కీపరుగా, లాంగ్‌జంప్ పిట్ పక్కన టేపు పట్టుకొని కూర్చునే అఫీషియల్‌గా నా జీవితంలో పెద్ద భాగం ఈ ప్రాంతపు మైదానాల్లోనే గడిచింది. అథ్లెటిక్స్‌ను జనం టికెట్టు కొనుక్కొని చూసే ఆటగా, క్రీడాకారుడికి ఇల్లు గడిచే వృత్తిగా మలచుకోవడానికి మన గుంటూరు, విజయవాడల నుంచే ఏం చేయవచ్చో చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒక సంక్రాంతికి వారం ముందు ఒక మీట్‌కు అఫీషియల్‌గా వెళ్లాను. బాలికల 400 మీటర్ల ఫైనల్ మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలైంది. ఒక సన్నపాటి అమ్మాయి చివరి వంపులో ముగ్గురిని దాటుకొని, ఆఖరి 50 మీటర్లలో పళ్లు బిగించి పరుగెత్తి మొదటి స్థానంలో వచ్చింది. నేను చూసిన మంచి పరుగుల్లో అది ఒకటి. మైకులో మాత్రం 'చెస్ట్ నంబర్ ఫలానా, ఫస్ట్ ప్లేస్' అని ఒక్క ముక్క చదివి, వెంటనే షాట్‌పుట్ వాళ్లు కాల్ రూమ్‌కు రావాలని పిలిచారు. గ్యాలరీలో ఉన్నవాళ్లు తల్లిదండ్రులు, పీఈటీలు, తమ వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు. ఆ అమ్మాయి తండ్రి నా దగ్గరకు వచ్చి, 'సార్, మా పాప ఎన్నో లైనులో పరుగెత్తింది? గెలిచినట్టేనా?' అని అడిగాడు. కూతురి గెలుపును కన్నతండ్రే గుర్తుపట్టలేకపోతే, ఏ సంబంధమూ లేని ప్రేక్షకుడు ఎందుకు వస్తాడు?

అదే వారంలో మా బంధువుల ఊళ్లో ఒంగోలు జాతి వృషభరాజముల బండలాగుడు పోటీలకు వెళ్లాను. పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా వేలమంది కదలకుండా కూర్చున్నారు. నాకు పశువుల గురించి పెద్దగా తెలియకపోయినా నేనూ కూర్చున్నాను. సాయంత్రానికి నాకొక సంగతి తట్టింది. అక్కడ జరుగుతున్నది అచ్చమైన ఫీల్డ్ ఈవెంట్. ఒక్కో జత వంతులవారీగా వస్తుంది. నిర్ణీత నిమిషాల్లో బండను ఎంత దూరం లాగిందో టేపు పెట్టి అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. ఎక్కువ దూరం లాగినదానికి మొదటి బహుమతి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసు విభాగాలు కూడా ఉంటాయి. మన జూనియర్, సీనియర్ విభాగాల లెక్కే అది.

తేడా అంతా మైకు పట్టుకున్న మనిషి దగ్గర ఉంది. జత బరిలోకి రాకముందే యజమాని ఎవరో, ఏ ఊరో, ఆ ఎడ్లు కిందటేడు ఎక్కడ గెలిచాయో, ఎక్కడ ఓడాయో ఆయన చెబుతాడు. ముందున్న జత లాగిన దూరాన్ని పదేపదే గుర్తుచేస్తాడు. చివరి నిమిషంలో 'ఇంకా పన్నెండు అడుగులు, ఇంకా ఎనిమిది అడుగులు' అని లెక్క తగ్గిస్తూ పోతుంటే జనం లేచి నిలబడతారు. మూడో బహుమతి ఇచ్చే దాత ఎవరో, ఎవరి జ్ఞాపకార్థం ఇస్తున్నారో కూడా అందరికీ తెలుస్తుంది. ఏమీ తెలియకుండా వెళ్లిన నేను సాయంత్రానికి ఒక జత పక్షం వహించి, అది రెండో స్థానంలో ఆగిపోతే నిజంగా బాధపడ్డాను.

మనకు ప్రేక్షకులు కరువు కాలేదని ఆ రోజు నాకు రూఢిగా తెలిసింది. ఎవరు పరుగెత్తుతున్నారో, ఏమి సాధించాలో, ఎంత దూరంలో ఉన్నారో జనానికి చెప్పే పని మనం చేయడం లేదు. స్పాన్సర్లు, టీవీ హక్కులు, లీగ్‌లు అన్నీ ఆ పని జరిగిన తరువాత వచ్చేవేనని నా నమ్మకం.

చెప్పడానికి కథలు లేక కాదు. జ్యోతి యర్రాజి సంగతే తీసుకోండి. విశాఖపట్నంలో సెక్యూరిటీ గార్డు కూతురు. హైదరాబాదులో శిక్షణ పొంది, ఆ తరువాత మన నాగార్జున విశ్వవిద్యాలయంలోని శిక్షణ కేంద్రంలో కొంతకాలం సాధన చేసి, అక్కణ్నుంచి భువనేశ్వర్ వెళ్లింది. గుంటూరు, విజయవాడల మధ్య రోజూ బస్సులో తిరిగే వేలమంది ఆ విశ్వవిద్యాలయం గేటు ముందునుంచే వెళతారు. ఆసియా స్థాయి హర్డ్లర్ ఒకరు అక్కడ పరుగెత్తిందన్న సంగతి వాళ్లలో ఎందరికి తెలుసు?

2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో జరిగినది ఏ సినిమాకూ తీసిపోదు. పక్కనున్న చైనా క్రీడాకారిణి గన్ పేలకముందే కదిలింది. అధికారులు ఆమెతోపాటు జ్యోతిని కూడా తప్పుపట్టి బయటికి పంపబోయారు. జ్యోతి ట్రాక్ మీదే నిలబడి, తెర మీద రీప్లే చూపించి వాదించింది. చివరికి తప్పు ఎవరిదో పరుగు తరువాత తేలుస్తామని ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అంత అలజడి తరువాత మళ్లీ బ్లాకుల్లో కూర్చుని, మనసు కుదుటపరచుకొని, జ్యోతి 12.91 సెకన్లలో పరుగు ముగించి మూడో స్థానంలో వచ్చింది. ఆ తరువాత చైనా క్రీడాకారిణిని అనర్హురాలిగా ప్రకటించడంతో రజతం జ్యోతికి దక్కింది. గన్ పేలిన తరువాత సెకనులో పదో వంతు గడవకముందే కదిలితే అది తప్పుడు స్టార్టు కిందే లెక్క అన్న ఒక్క నియమం ముందుగా తెలిసినవాడికి ఆ పదినిమిషాలు ఊపిరి ఆడదు. తెలియనివాడికి అదంతా ఏదో గొడవలాగా కనిపిస్తుంది. 84 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిళ్లు, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, ఆ దూరాన్ని సరిగ్గా మూడు అంగల్లోనే దాటాలన్న లెక్క ఒకసారి చెప్పి చూడండి. ఆ తరువాత ఎవరూ దాన్ని గెంతులాట అనుకోరు.

తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పారిస్ ఒలింపిక్స్‌లో 4x400 రిలే పరుగెత్తింది. మన మన్యం నుంచి వెళ్లిన కుంజా రజిత 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా పోటీల్లో స్వర్ణం గెలిచిన రిలే జట్టులో ఉంది. ఈ పేర్లు మన పిల్లలకు క్రికెటర్ల పేర్లంత సులువుగా నోటికి రావాలి.

దేశంలో దారి కొంత పడింది. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్ల దూరం విసిరి నీరజ్ చోప్రా స్వర్ణం గెలిచాక, జావెలిన్ అంటే ఏమిటని అడిగేవాళ్లు లేకుండా పోయారు. 2025 జులై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఆయన పేరుమీదనే జరిగిన పోటీని మీరందరూ గమనించే ఉంటారు. ఆ సాయంత్రం ఉన్నది ఒక్క జావెలిన్ మాత్రమే. పన్నెండు మంది త్రోయర్లు, వారిలో కెన్యాకు చెందిన జూలియస్ యెగో, జర్మనీకి చెందిన ఒలింపిక్ విజేత థామస్ రోలర్. 86.18 మీటర్లతో నీరజ్ గెలిచాడు. వేలమంది టికెట్లు కొనుక్కొని వచ్చి, ప్రతి త్రోకూ చప్పట్లతో తాళం వేశారు. పొద్దున ఏడింటికి మొదలై మూడు రోజులు సాగి, ఒకేసారి నాలుగు చోట్ల నాలుగు ఈవెంట్లు జరిగే మన మీట్‌కూ, ఆ సాయంత్రానికీ ఉన్న తేడా నా దృష్టిలో డబ్బు కన్నా కూర్పులోనే ఎక్కువగా ఉంది. అది బండలాగుడు పోటీల కూర్పే.

కబడ్డీ మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. పల్లెటూరి ఆట అని చిన్నచూపు చూసిన ఆటను 2014లో మొదలైన ప్రో కబడ్డీ ఇంటింటి టీవీలోకి తెచ్చింది. రైడ్‌కు 30 సెకన్ల గడియారం, వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడో రైడ్‌లో పాయింటు తేవాలి లేదా అవుటు కావాలి అన్న నియమం, తెలుగు టైటాన్స్ అని చెప్పుకోవడానికి ఒక జట్టు, తెలుగులో వ్యాఖ్యానం వచ్చాయి. ఆట ప్రాణం మాత్రం మారలేదు.

కేవలం పెద్ద మొత్తాలు కుమ్మరిస్తే పని జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. అమెరికా పరుగు వీరుడు మైకేల్ జాన్సన్ వంటి దిగ్గజం 2025లో గ్రాండ్ స్లామ్ ట్రాక్ అనే లీగ్‌ను ఒక్కో విభాగం విజేతకు లక్ష డాలర్ల బహుమతితో మొదలుపెట్టారు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో జరిగిన తొలి మీట్‌లోనే గ్యాలరీలు చాలావరకు ఖాళీగా కనిపించాయి. నాలుగో మీట్ రద్దయింది, క్రీడాకారులకు ఇవ్వవలసిన సొమ్ము నెలల తరబడి ఆగిపోయింది, ఏడాది చివరికి ఆ సంస్థ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. జంప్‌లు, త్రోలు అందులో అసలు పెట్టనే లేదు. ఆ ప్రయత్నాన్ని నేను తక్కువ చేయడం లేదు, పరుగు మీద ప్రేమతోనే దాన్ని తలపెట్టారు. అయితే ఏళ్ల తరబడి నింపవలసిన గ్యాలరీని ఒక్క సీజన్ బహుమతులతో నింపబోయారు.

మన రాష్ట్ర కొత్త క్రీడా విధానం ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్ల రూపాయల ప్రోత్సాహకం ఇస్తానంటోంది, ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచింది. ఇందుకు నేను మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నాను. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ రెండూ పతకం వచ్చాక, సర్టిఫికెట్ చేతికొచ్చాక అందేవి. పంతొమ్మిదేళ్ల వయసులో 400 మీటర్లు 48 సెకన్లలో పరుగెత్తే కుర్రాడికి ఈ నెల స్పైక్స్ (అడుగున ముళ్లుండే పరుగు బూట్లు) కొనుక్కోవడానికి, గుడ్లూ పాలూ తెచ్చుకోవడానికి దారి ఏది? నా శిష్యుల్లో మంచి టైమింగ్ ఉన్నవాళ్లు ఎందరో రైల్వేలోనో పోలీసు శాఖలోనో ఉద్యోగం రాగానే స్పైక్స్ పక్కన పెట్టేశారు. నేను వాళ్లను ఒక్క మాట అనలేను. వాళ్ల ఇళ్లు నేను చూశాను. ఉద్యోగం వచ్చేదాకా చేసే సాధనగా కాక, పరుగే జీవనోపాధి కావాలంటే ఏడాదికి ఒక్క రాష్ట్ర మీట్ చాలదు. నెలకు ఒకటి రెండుసార్లు పోటీ, పోటీకి తగిన సొమ్ము, ఆ సొమ్మును తెచ్చే ప్రేక్షకుడు ఉండాలి. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థే పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణ విజేతలకు 50,000 డాలర్ల చొప్పున ఇచ్చి, 2026 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగే కొత్త పోటీలో విజేతకు 1,50,000 డాలర్లు ప్రకటించింది. మన పిల్లలు ఆ మెట్టు దాకా ఎక్కడానికి కింది మెట్లు ఇక్కడే కట్టాలి.

అందుకు నేను కోరేది నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, నెలకు ఒక శనివారం సాయంత్రం. ఒకసారి విజయవాడ ఇందిరా గాంధీ స్టేడియంలో, మరోసారి గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో, ఇంకోసారి నాగార్జున విశ్వవిద్యాలయం ట్రాక్ మీద. సాయంత్రం ఐదున్నరకు మొదలై ఎనిమిది గంటలకు ముగియాలి. ఆరేడు ఈవెంట్లకు మించకూడదు. ఫైనల్‌కు ఎంపిక చేసే హీట్స్ అన్నీ పొద్దునే ముగించి, సాయంత్రం ఫైనల్స్ మాత్రమే చూపించాలి. ట్రాక్ మీద పరుగు జరిగేటప్పుడు జంపర్లు ఆగాలి, జంపర్ రన్‌వే మీదకు వచ్చినప్పుడు మైదానం అంతా అటే చూడాలి. ఛాతీ మీద అంకెకు బదులు పేరు, దాని కింద ఊరు తెలుగులో ఉండాలి. ఈ ఒక్క మార్పుకు దాదాపు ఖర్చే లేదు, దయచేసి వచ్చే మీట్ నుంచే మొదలుపెట్టండి. మన దగ్గర మధ్యతరగతి పెళ్లికి కూడా ఎల్ఈడీ తెర, డ్రోన్ కెమెరా పెడుతున్నారు. ఆ తెర మీద పరుగు ముగిసిన నిమిషంలోపు ఫోటో ఫినిష్, టైమింగ్ కనిపించేలా చేయడం అసాధ్యమేమీ కాదు. వ్యాఖ్యానం మాత్రం ఆట తెలిసినవాడు తెలుగులో చెప్పాలి. గాలి వేగం సెకనుకు రెండు మీటర్లు దాటితే రికార్డు ఎందుకు చెల్లదో, హైజంపర్ ఒక ఎత్తును ఎందుకు వదిలేసి పై ఎత్తుకు వెళుతున్నాడో అప్పటికప్పుడు విడమరచి చెప్పాలి. ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని కూడా అడిగి చూడవచ్చు.

స్టేడియానికి రాని జనం దగ్గరకు పోటీయే వెళ్లవచ్చు. 2009లో ఉసేన్ బోల్ట్ మాంచెస్టర్ నగర వీధిలో పరిచిన ట్రాక్ మీద 150 మీటర్లు 14.35 సెకన్లలో పరుగెత్తాడు. జర్మనీలోని ఆకెన్‌లో పెద్ద చర్చి పక్క చౌకులో పోల్‌వాల్ట్ జరుపుతారు, జ్యూరిచ్‌లో రైల్వే స్టేషన్ హాలులోనే షాట్‌పుట్ పెట్టారు. మన భవానీపురం పున్నమి ఘాట్ దగ్గర, వెనక కృష్ణమ్మ, ఎదురుగా దీపాల వెలుగు, మధ్యలో అయిదు మీటర్ల ఎత్తున కర్ర మీద లేచే మనిషి. ఆ దృశ్యం ఒక్కసారి చూసిన పిల్లవాడు ఇంటికి వెళ్లి వెదురు గెడ వెతుక్కుంటాడు.

అన్నిటికన్నా ఎక్కువ ఆశ నాకు విద్యాసంస్థల మీద ఉంది. జమైకాలో 1910 నుంచి జరుగుతున్న హైస్కూళ్ల అథ్లెటిక్స్ పోటీని అక్కడివాళ్లు ముద్దుగా ఛాంప్స్ అంటారు. బడుల మధ్య పోటీయే అయినా జాతీయ స్టేడియం కిక్కిరిసిపోతుంది. పాత విద్యార్థులు ముసలివాళ్లయ్యాక కూడా తమ బడి రంగు చొక్కా వేసుకొని వస్తారు. బోల్ట్ కూడా బడి పిల్లవాడిగా అక్కడ పరుగెత్తినవాడే. గుంటూరు, విజయవాడల్లో కళాశాలల మధ్య పోటీ లేదని ఎవరూ అనలేరు. ఫలితాలు రాగానే పత్రికల మొదటి పేజీలు ర్యాంకుల ప్రకటనలతో నిండిపోతాయి. ఆ పట్టుదలలో పదో వంతు పరుగు వైపు మళ్లితే మన గ్యాలరీలు చాలవు. వేల మంది పిల్లలు చదువుకునే ప్రాంగణాల్లో అడుగు జాగా కూడా ఆటస్థలం లేదన్న బాధ నాకు ఎప్పుడూ ఉంది. మైదానం లేకపోయినా ప్రతి కళాశాల ఒక రిలే జట్టును తయారుచేసి తీరాలని, ఆ జట్టుకు దగ్గరలోని ప్రభుత్వ మైదానంలో రోజూ గంటసేపు అనుమతి ఇవ్వాలని మీరు గట్టిగా చెప్పగలరు.

జపాన్‌లో ప్రతి జనవరి 2, 3 తేదీల్లో టోక్యో నుంచి హకోనె వరకు, మళ్లీ వెనక్కి, సుమారు 217 కిలోమీటర్ల దూరం విశ్వవిద్యాలయాల జట్లు పదేసి మంది చొప్పున రిలే పరుగెత్తుతాయి. బ్యాటన్‌కు బదులు భుజం మీద వేసుకునే ఒక గుడ్డ పట్టీని ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. దేశమంతా కొత్త సంవత్సరం సెలవుల్లో టీవీల ముందు కూర్చుని దాన్ని చూస్తుంది. దాని గురించి చదివినప్పుడల్లా నాకు మన కండువా గుర్తొస్తుంది. గుంటూరులో బయలుదేరి, పెదకాకాని, నాగార్జున విశ్వవిద్యాలయం, మంగళగిరి, తాడేపల్లి మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడ చేరే దారి సుమారు 35 కిలోమీటర్లు. ధనుర్మాసపు చలిలో, తెల్లవారుజామున, మంగళగిరి మగ్గం మీద నేసిన కండువాను ఒక్కో కళాశాల తన రంగులో అద్దించుకొని, ఏడుగురు విద్యార్థులు ఒకరి భుజం మీద నుంచి ఒకరు అందుకుంటూ బ్యారేజీ మీదికి వస్తుంటే చూడటానికి రెండు జిల్లాల జనం రోడ్డు పక్కన నిలబడతారని నేను గట్టిగా నమ్ముతున్నాను. దీనికి స్టేడియం అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. పోలీసు బందోబస్తు, అంబులెన్సులు, మంచినీళ్లు, రోడ్డులో ఒక పక్క మూడు గంటలపాటు కావాలి.

డబ్బు విషయంలో ముందే ముంబయి కంపెనీల తలుపు తట్టవలసిన పని లేదు. బండలాగుడుకు బహుమతులిచ్చే దాతలు ఇక్కడే ఉన్నారు. మిర్చి యార్డు వ్యాపారులు, వస్త్రలత దుకాణదారులు, బందరు రోడ్డు నగల షాపులవాళ్లు ఒక్కో ఈవెంట్‌ను తమ పేరుతోనో తమ పెద్దల జ్ఞాపకార్థమో తీసుకోగలరు. అయితే రెండు నియమాలు పెట్టండి. సొమ్ము మొదటి ముగ్గురికే కాక ఫైనల్‌లో పాల్గొన్న ఎనిమిది మందికీ తగ్గుతూ అందాలి. ఇస్తామన్నది ఆ రాత్రే బ్యాంకు ఖాతాలో పడాలి. ఒకసారి నా శిష్యుడికి ప్రకటించిన నగదు బహుమతి కోసం ఏడాదిపాటు ఒక కార్యాలయం చుట్టూ తిరిగాం. చివరికి వాడే 'వదిలేయండి సార్' అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

నిషేధిత ఉత్ప్రేరకాల సంగతి దాటవేస్తే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. 2023లో ఢిల్లీ రాష్ట్ర పోటీల్లో డోపింగ్ పరీక్షల అధికారులు వచ్చారని తెలిసి పురుషుల 100 మీటర్ల ఫైనల్‌కు ఒక్కడే మిగిలాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ దాతైనా, ఏ తల్లి అయినా అలాంటి ఆట మీద ఎందుకు నమ్మకం పెట్టుకుంటారు? మన సాయంత్రపు మీట్లలో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షలు తప్పనిసరిగా ఉంటాయని మొదటి రోజే ప్రకటించండి. ఏ సూది ఎందుకు వేస్తున్నారో పిల్లలకు, కోచ్‌లకు, పొడి డబ్బాలు అమ్మే జిమ్‌లవాళ్లకు కూడా తెలుగులో చెప్పించండి. దీనివల్ల మొదట్లో టైమింగ్‌లు కాస్త తగ్గినా ఫరవాలేదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాదులో జరగబోతున్నాయి. ఇవాళ మన ఊళ్లో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలు అప్పటికి పరుగెత్తే వయసుకు వస్తారు. వాళ్లు ఈ మధ్యలో నిండిన గ్యాలరీ ముందు ఒక్కసారైనా పరుగెత్తి ఉండాలి.

మొదటి సాయంత్రానికి అఫీషియల్స్‌గా జీతం భత్యం లేకుండా పనిచేయడానికి నాలాంటి విశ్రాంత పీడీలు, పీఈటీలు పదిహేడు మంది పేర్లు రాసి ఇచ్చారు. బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకున్న ఆయనను కూడా వెతుక్కుంటూ వెళ్లి కలిశాను. నేను చెప్పినదంతా విని, హైజంప్, జావెలిన్ నియమాలు కాగితం మీద రాసిమ్మని అడిగారు. రాసిచ్చి వచ్చాను. స్టేడియం, తేదీ మీరు చెప్పాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టరు,
గుంటూరు